జల్లెడమూతి సభకెక్కిన వేళ

కాంచనద్రోణీ నగరం సింహద్వారానికి పగడాల తోరణాలు. లోపల నెమలికంఠం రంగు రాళ్లు పరిచిన రాజవీథి. వీథికి అటూ ఇటూ తొండాలతో పన్నీరు చిమ్మే పాలరాతి ఏనుగులు, వాటి వెనుక ముత్యాల జాలరులు వేలాడే మేడలు, ఆ మేడల మీద మధ్యాహ్నపు ఎండకు కళ్లు జిగేల్మనిపించే బంగారు కలశాలు. చూడ్డానికి రెండు కళ్లు చాలవనుకోండి. కానీ ఏం లాభం? ఆ వీథిలో నడిచే జనం తలెత్తి చూసి ఎన్నాళ్లయిందో! మేడల అరుగుల మీద, ఏనుగుల చాటున, తోరణాల పైన భూతాలు కాపలా ఉంటే తలెత్తే ధైర్యం ఎవడికుంటుంది?

మిట్టమధ్యాహ్నం కావస్తుండగా ఆ వీథి వైపు ఒక ఎడ్లబండి వస్తోంది. బండి నిండా పెద్ద పెద్ద పెరుగు బానలు. బండి తోలుతున్నవాడు తోలుబొమ్మలాడించే కాటయ్య, నెత్తికి గొల్లవాడి తలపాగా చుట్టుకున్నాడు. అన్ని బానల్లోనూ పెరుగుంది, ఒక్కదాంట్లో తప్ప. దాంట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని తూలిక కూర్చుంది.

ఎవరీ తూలిక? ఆడపిల్లకు పెరుగు బానలో ఏం పని? తొందరపడకండి, బండి ద్వారం చేరేలోగా చెప్పేస్తాను.

ఆ రాజ్యంలో భూతాలకు ఎన్నడూ కొదవ లేదు. వాడుకుని వాడుకుని విసిరిపారేసిన సామాను పగబడితే భూతమవుతుందని అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పెరట్లోకి గిరాటేసిన రోకలి కొన్నాళ్లకు ఒంటికాలి రోకలై గెంతుకుంటూ వచ్చి, విసిరిన ఇల్లాలి గడపనే దంచుతుంది. పగిలిన ప్రమిద చమురునాకుడై ఊళ్లో దీపాలన్నీ నాకేస్తుంది. అరిగిన గడపచెక్కకు నాలుక మొలిస్తే అది గుమ్మంనాలుక. జనం ఈ పీడ పడలేక మొరపెట్టుకుంటే, విక్రాంతదేవ మహారాజు ఆస్థాన చిత్రకారుడైన రేఖాచార్యుణ్ణి పిలిచి, "భూతాలన్నిటికీ బొమ్మలు గీయి. ఏది ఎక్కడుంటుంది, ఏం తింటుంది, దేనికి జడుస్తుంది, ఎలా పిలిస్తే పలుకుతుంది, అన్నీ బొమ్మ కింద రాయి" అన్నాడు. తల్లిలేని పసిపిల్ల తూలికను భుజాన వేసుకుని ఆ మహానుభావుడు ఊరూరా, వాడవాడా తిరిగాడు. భూతాన్ని చూసి జడిసినవాళ్ల నోటివెంట విని, తిరిగి తిరిగి గీశాడు. అలా తయారైంది భూతచిత్రావళి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. భూతం బొమ్మకు ఎదురుగా ఖాళీ ఆకు ఉండకూడదని చిత్రకారుల కట్టుబాటు. పుస్తకం మూస్తే భూతం ముఖం ఇంకో భూతం ముఖానికే ఆనాలి. ఖాళీ ఆకు ఆనిందా, తలుపు తీసి పెట్టినట్టే. భూతం ఆ తెల్లటి ఆకులోకి నడిచి ఊరి మీద పడుతుందని వాళ్ల నమ్మకం. తీరా చూస్తే చిట్టచివరి భూతానికి జోడీ లేదు. ఎంత వెతికినా కొత్త భూతం దొరకలేదు. రాజుగారి నుంచి కబురు మీద కబురు. అప్పుడు రేఖాచార్యుడు ఏం చేశాడో తెలుసా? కూతురు అన్నం తినకుండా మారాం చేసినప్పుడల్లా తను బెదిరించే బూచిని తెచ్చి ఆ ఆకు మీద గీసేశాడు. దానికి జల్లెడ మొహం, చాటల చెవులు, చీపురు జుట్టు, ఉట్టి తాళ్ల చేతులు. పేరు జల్లెడమూతి. కింద రాత కూడా ఆ గోరుముద్దల వేళ మాటలే: మిట్టమధ్యాహ్నం భోజనాల వేళ వస్తుంది. పెరుగన్నం తిన్నవాళ్ల జోలికి పోదు. దాని ఎదుట నోరు తెరిచి చూపించాలి. బుగ్గన దాచింది కక్కాలి.

పుస్తకం రాజుగారికి చేరింది. రాజుగారి చేతిలోంచి ఆస్థాన మాంత్రికుడు ఘూకనేత్రుడి చేతిలో పడింది. భూతాలు దేనికి జడుస్తాయో వాడికి అక్కర్లేదు. ఎలా పిలిస్తే పలుకుతాయో అదొక్కటే కావాలి. ఒక్కొక్కదాన్నే పిలిచి కట్టిపడేశాడు. కట్టిపడేసి కోటకు కాపలా పెట్టాడు, పొరుగు రాజ్యాల మీదికి ఉసిగొల్పాడు. ఇలాంటి పుస్తకం మరొకటి పుట్టకుండా ఒక పగటిపూట రేఖాచార్యుడి వర్ణశాలకు బయట గడియ వేయించి నిప్పు పెట్టించాడు.

తూలిక అప్పుడు ఎర్రరంగు నూరే జేగురు రాళ్లకోసం కొండకు వెళ్లింది. పొగ చూసి పరుగెత్తుకొచ్చేసరికి వర్ణశాల లేదు. తండ్రి మాత్రం కొనఊపిరితో ఉన్నాడు. ఆమె ఒళ్లో తల పెట్టుకుని, కాలిన పెదవులతో నవ్వాడు.

"ఆ వెధవ జల్లెడమూతిని కూడా నిజమనుకుని పట్టుకుపోయాడే అమ్మలూ! దాన్ని కూడా పిలుస్తాడు చూడు..." అన్నాడు. అంతే, ఆ నవ్వు మొహాన ఉండగానే ప్రాణం పోయింది.

తూలిక ఏడవలేదు. చితి ఆరేదాకా నిలబడి, బూడిదలో వేలు ముంచి నుదుట అడ్డంగా రాసుకుంది. "ఈ పని చేసింది తనేనని ఆ ఘూకనేత్రుడి నోటితోనే నిండు సభలో చెప్పిస్తాను నాన్నా. చెప్పించి చంపుతాను. ఆ పైన ధర్మప్రభువు కాళ్ల మీద పడి నా తప్పుకు శిక్ష వేయమంటాను" అని ఒట్టు పెట్టుకుంది.

చచ్చినవాడి మాట పొల్లుపోలేదు. ఘూకనేత్రుడు భూతాలన్నిటినీ లొంగదీసి, ఆఖరి ఆకు దగ్గర బోర్లాపడ్డాడు. ఎన్ని అమావాస్యలు పిలిచినా జల్లెడమూతి రాలేదు. రాదు మరి, లేనిది ఎక్కణ్ణించి వస్తుంది? "మాంత్రికుడికి పట్టు సడలిందట" అని సంతలో గుసగుసలు బయల్దేరాయి. చివరికి మహారాజే, "ఫలానా రోజు మిట్టమధ్యాహ్నం నిండు సభలో పిలువు. రాకపోతే నీ సంగతి చూస్తాను" అన్నాడు. ఆ కార్యానికి పాకశాలకు బానలకొద్దీ పెరుగు కావలసివచ్చింది. అదీ సంగతి. ఇంతలో బండి ద్వారం దగ్గరికి వచ్చేసింది, వినండి.

"ఆగరా! ఏవిటా బానల్లో?" అన్నాడు ద్వారపాలకుడు, ఈటె అడ్డం పెట్టి.

"పెరుగయ్యా. చూస్తే తెలీటం లేదా? పెరుగు బండిలో పెరుగు కాక మీ అత్తగారి నగలుంటయ్యా?" అన్నాడు కాటయ్య.

"నోరు మూసుకో. చూసేది నేను కాదు, అదీ" అని ద్వారపాలకుడు పక్కకు తప్పుకున్నాడు.

గడప కింద నుంచి ఎర్రటి, తడి తడి నాలుక ఒకటి చాపలా పరుచుకుంటూ బయటికి వచ్చింది. గుమ్మంనాలుక! ఎడ్లు బెదిరి వెనక్కు తగ్గాయి. నాలుక బండి చక్రాన్ని నాకింది, కాటయ్య పాదాన్ని నాకింది, ఒక్కొక్క బానలోకీ దూరి పెరుగు రుచి చూస్తోంది. మనిషి చెమట రుచి తగిలిందంటే చుట్టేసి గడప కిందికి లాగేస్తుంది. బానలో తూలికకు ఆ నాలుక జరజరా పాకే చప్పుడు వినిపిస్తోంది. పక్క బానలోకి వచ్చింది. ఇక తన వంతే.

చిత్రావళిలో ఈ గుమ్మంనాలుక బొమ్మకు రంగు నూరింది తనే. ఆ ఆకు మీద ఏం రాసి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. బాన లోపలి నుంచి వేలితో టకటకా కొట్టింది.

కాటయ్య ఆ సైగకోసమే కాచుకున్నాడు. "అయ్యో, ఊరగాయ మర్చిపోయాను, పెరుగన్నంలోకి!" అంటూ తను కూర్చున్న పలక కింది నుంచి జాడీ తీసి, మూత విప్పి, తూలిక ఉన్న బాన మీద బోర్లించాడు. కొరివికారంతో పెట్టిన మామిడికాయ, ఎర్రటి నూనె బాన అంచులమీదుగా జారింది. నాలుక ఆత్రంగా ఒక్క నాకు నాకింది.

అంతే! ఆ నాలుక అంతెత్తున లేచి, గిలగిలా కొట్టుకుని, ద్వారపాలకుణ్ణి చాచి ఒక్కటి కొట్టి, పన్నీటి ఏనుగు తొండంలోకి దూరిపోయింది.

"పెరుగు పాడు చేశావు కదరా!" అని లబలబలాడాడు ద్వారపాలకుడు, లేవలేక.

"నీ భూతానికి కారం పడకపోతే నాదా తప్పు? ఛల్ ఛల్!" అని కాటయ్య ఎడ్ల తోకలు మెలేశాడు.

పాకశాల పక్క కొట్లో బాన దిగింది. తూలిక ఊరగాయ నూనె కారుతున్న జుట్టుతో బయటికొచ్చి, ఊపిరి పీల్చుకుంది.

"కళ్లు మండిపోతున్నయ్ మామా. చెప్పి పొయ్యొచ్చుగా!"

"చెప్పే తీరికుందా తల్లీ? ఆ నాలిక నిన్ను నాకుంటే ఈపాటికి నేను ఒక్కణ్ణే ఏడుస్తుండేవాణ్ణి" అంటూ కాటయ్య ఎడ్లకని బండిలో తెచ్చిన గడ్డిమోపు విప్పాడు. లోపల జల్లెడమూతి వేషం. పలచగా గీకిన మేకతోలుకు రంగులద్ది, వెదురుపుల్లలతో బిగించి తోలుబొమ్మలాగే కుట్టాడు మహానుభావుడు. చేతులు ఆడించడానికి తాళ్లు, చెవులు విదల్చడానికి తాళ్లు. మొహానికి మాత్రం నిజం జల్లెడే.

వేషం తొడిగి ముడులు వేస్తూ వేస్తూ కాటయ్య ఆగాడు. ఆయన రేఖాచార్యుడికి చిన్ననాటి నేస్తం.

"ఒక్క మాట వింటావా అమ్మాయీ? ఆ కత్తి ఇటియ్యి. పైనుంచి వాడి మీదికి నేను దూకుతా. ముసలాణ్ణి, పోతే పోతా."

"నీ పొట్ట పట్టదు మామా ఈ వేషంలో."

"ఏడిపించకు, వేళాకోళమా ఇది? పొడవగానే ఆ భూతాలన్నీ నీ మీద పడి పీక్కు తింటయ్!"

"తిననీ. వాడు చచ్చాక తింటే నాకేం?" అంది తూలిక. కాటయ్య ఆఖరి ముడి బిగించాడు.

కొట్టు అటక మీదుగా పాకుతూ వెళ్లి, కొలువుకూటం పైకప్పు దూలాల మధ్య ఆమె నక్కింది. కింద ఏనుగు దంతాల స్తంభాలు, చంద్రకాంత శిలల గచ్చు, పట్టు మేల్కట్లు. స్తంభానికొక భూతం చొప్పున కట్టుబడి నిలుచుని ఉన్నాయి. ఒంటికాలి రోకలి కదలడానికి లేక ఉన్నచోటే సన్నగా వణుకుతోంది. చమురునాకుడి మొహం ఆశగా దీపాల వైపు తిరిగి ఉంది. నడుమ రత్నసింహాసనం మీద విక్రాంతదేవ మహారాజు, ఆయన పక్కన పీట మీద తెరిచిన భూతచిత్రావళి. ఆ ఆకు మీది గీత తండ్రిదేనని తూలిక పైనుంచే గుర్తుపట్టింది.

సింహాసనానికి ఎదురుగా ముగ్గు. ముగ్గులో అరిటాకు. అరిటాకు ముందు, పులిచర్మం కట్టుకుని, పుర్రెల దండ వేసుకుని, నిప్పుల్లాంటి గుడ్లగూబ కళ్లతో ఘూకనేత్రుడు... పెరుగన్నం తింటున్నాడు!

నవ్వకండి. సభలో ఎవడూ నవ్వలేదు. పక్కనే ఆస్థాన పండితుడొకడు కళ్లు మూసుకుని వ్యాఖ్యానం చెబుతున్నాడు: "పెరుగన్నమనగా చంద్రతత్త్వము. దానిని భుజించుట యనగా మనోజయము. రేఖాచార్యుడు ఎంతటి రహస్యవేత్తయో గ్రహించవలెను!"

"గ్రహించితిమి, గ్రహించితిమి" అన్నారు మిగతావాళ్లు.

తూలిక మొలలో కత్తి తడుముకుంది. దూకాలి, మెడ మీద పొడవాలి. దూకడానికి కాళ్లు కూడదీసుకుంటూ కింది మనిషినే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

వాడు కుడివైపే నములుతున్నాడు.

ముద్ద పెట్టుకోవడం, కుడివైపుకు తోయడం, మెల్లగా నమలడం, మింగడం. ఎడమ బుగ్గ మాత్రం కదలడంలేదు. ముద్ద అటు పోబోతే నాలుకతో అడ్డుకుంటున్నాడు. ఈ విద్య తూలికకు తెలియనిదా? అన్నం ముద్ద ఎడమ బుగ్గన దాచిపెట్టి, "తినేశాను నాన్నా" అని కుడి బుగ్గ ఊపి చూపించిన దొంగ కదా తను! వాడి నోట్లో ఏదో ఉంది. తినేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టలేనిది. వాడి మాటకు భూతాలెందుకు పడి ఉంటున్నాయో ఇప్పుడర్థమైంది. మంత్రగుళిక! వాడి బలమంతా ఆ బుగ్గలో ఉంది.

కత్తిని మళ్లీ మొలలో దోపింది.

భోజనం ముగించి ఘూకనేత్రుడు చేతులెత్తాడు. "హ్రాం! హ్రీం! మధ్యాహ్నచారిణీ! శతనేత్రా! జల్లెడమూతీ! రా, రా, రా!"

పట్టు మేల్కట్టు ఫర్రున చిరిగింది. చీపురు జుట్టు విరబోసుకుని, చాటల చెవులు ఫటఫటా కొట్టుకుంటూ, తాళ్ల చేతులు నేలదాకా వేలాడేసుకుని జల్లెడమూతి అరిటాకు ముందు దభీమని పడింది. సభ సభంతా లేచి గోడలకు అతుక్కుపోయింది. వ్యాఖ్యానం చెప్పిన పండితుడు స్తంభమనుకుని చమురునాకుణ్ణే కావలించుకున్నాడు.

అందరికంటే ఎక్కువ అదిరిపోయినవాడు ఘూకనేత్రుడు. కానీ జగత్ కిలాడీ కదా, రెప్పపాటులో తేరుకుని మీసం దువ్వాడు. "చూశారా మహారాజా! ఇది కూడా నా పాదదాసి! భూతమా, ప్రభువుకు మొక్కు!"

"మొక్కుతా" అంది జల్లెడమూతి, గొంతు బొంగురు చేసుకుని. "ముందు నోరు తెరువు."

"ఏమిటీ?"

"తిన్నావుగా? నోరు తెరిచి చూపించు. బుగ్గన దాచింది కక్కు."

ఘూకనేత్రుడి మొహాన నెత్తురుచుక్క లేదు. "దాచిందేమీ లేదు" అని కుడివైపు కొద్దిగా తెరిచి చూపాడు.

"పూర్తిగా."

"భూతమా! నన్నే శాసిస్తావా?"

మహారాజు ముందుకు వంగి పుస్తకం మీద వేలు పెట్టాడు. "ఆకు మీద అలాగే రాసి ఉంది కదయ్యా. తెరవరాదూ? ఏం, నిజంగానే ఏమన్నా దాచావా?" అన్నాడు. ఆయన కళ్లలో ఆశ మెరిసింది. మాంత్రికుడి పట్టు కింద ఆయన కూడా నలిగిపోయాడు కాబోలుననుకుంది తూలిక.

సభంతా తననే చూస్తోంది. తెరవకపోతే భయపడ్డాడంటారు, తెరిస్తే గుట్టు పోతుంది. నాలుకతో గుళికను లోపలికి నొక్కిపట్టి, ఘూకనేత్రుడు మెల్లగా నోరు తెరిచాడు.

తూలిక ఆలస్యం చేయలేదు. ఆమె దాచిన ముద్ద కక్కించడానికి తండ్రి ఏం చేసేవాడో అదే చేసింది. టక్కున వాడి ముక్కు మూసి, మెడ వెనుక అరచేత్తో ఒక్కటి చరిచింది. వాడికి ఊపిరాడక ఖళ్లుమని దగ్గు వచ్చింది. రేగిపండంత నల్లటి గుళిక ఎగిరి అరిటాకులో పడి, పెరుగు మెతుకుల మధ్య దొర్లింది.

ఇద్దరూ ఒకేసారి దూకారు. వాడు భూతం జుట్టనుకుని చీపురు పట్టి గుంజాడు. జల్లెడ సగానికి చినిగి ఊడింది. దాని వెనుక ఊరగాయ కారంతో ఎర్రబడిన కళ్లు, నుదుట బూడిద గీత, ఒక ఆడపిల్ల మొహం.

"ఓరి! ఇది భూతం కాదు! చిత్రకారుడి కూతురు!" అని కేక పెట్టాడు ఘూకనేత్రుడు.

"అవునురా!" అంది తూలిక, గుళికను గుప్పిట బిగించి లేచి నిలబడి. "నువ్వు తగలబెట్టిన చిత్రకారుడి కూతుర్ని! ఇన్నాళ్లూ నువ్వు గొంతు చించుకుని పిలిచింది నేను అన్నం తినకపోతే మా నాన్న చెప్పిన బూచిని! పండితుల్ని పెట్టుకుని మరీ తిన్నావే పెరుగన్నం!"

సభలో మొదట ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత ఇంకొకడు. ఆ నవ్వు గోడ గోడకూ పాకింది. ఇన్నేళ్లు ఎవడి పేరు చెబితే పిల్లలు ఏడుపు మానేవాళ్లో, వాణ్ణి చూసి జనం పగలబడి నవ్వారు. కత్తి దిగినా వాడికి అంత నొప్పి పుట్టేది కాదేమో.

నవ్వుతుండగానే స్తంభాల దగ్గర కదలిక మొదలైంది. ఒంటికాలి రోకలి దభీమని ఒక గెంతు గెంతింది. చంద్రకాంత శిల బీటలువారింది. చమురునాకుడు ఒళ్లు విరుచుకున్నాడు. భూతాలన్నీ ఘూకనేత్రుడి చుట్టూ మూగి ఆగాయి. పారేసిన సామానుకు పగ ఎక్కువ. కట్టేసిన సామానుకు ఇంకా ఎక్కువ. గుళిక చేతిలో ఉన్న తూలిక ఆజ్ఞకోసం అన్నీ ఆమె వైపు చూశాయి.

"మహారాజా! రక్షించండి!" అని అరిచాడు మాంత్రికుడు. మహారాజు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"ఆయనెందుకు రక్షిస్తాడు? నాతో చెప్పు" అంది తూలిక. "అందరూ వినేలా చెప్పు. మా వర్ణశాలకు నిప్పు పెట్టిందెవరు?"

"నే... నేనే."

"ఇంకా గట్టిగా."

"నేనే పెట్టించాను! కానీ..." వాడు మోకాళ్ల మీద పడి, వణికే వేలు ఎత్తి సింహాసనం వైపు చూపించాడు. "పుస్తకం దొరికింది చాలని నేనన్నాను. ముసలివాణ్ణి వదిలేద్దామన్నాను. తలుపు బయట గడియ వేయమన్నది ఆయన! ఆజ్ఞాపత్రం లేదు, సాక్షి లేడు, కానీ నన్ను చంపే ముందు ఆయన మొహం చూడు. మొహం చూడు, చాలు!"

నవ్వులు ఆగిపోయాయి.

తూలిక తిరిగి చూసింది. విక్రాంతదేవుడు కోపం తెచ్చుకోలేదు. కాదనలేదు. పుస్తకం మూసి, ఒళ్లో పెట్టుకుని, దాని అట్ట మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"ఇలాంటిది మరో రాజు చేతిలో కూడా పడితే మన రాజ్యం ఏమయ్యేది తల్లీ?" అన్నాడు, పిల్లకు నచ్చచెప్పినట్టు. "మీ నాన్న చేతిలో ఇంకో పుస్తకం ఉంది. చేయి ఉన్నంతకాలం ఉంటుంది. రాజ్యం కోసం చేశాను. నాకూ బాధగానే ఉంది."

"మా నాన్న రోజూ పొద్దున్నే మీ పేరు చెప్పి దీపం పెట్టేవాడు" అంది తూలిక. "చచ్చేటప్పుడు కూడా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈ కార్యం కాగానే మీ కాళ్ల మీద పడదామనుకుని వచ్చాను. మీ కాళ్ల మీద!"

"మంచిపిల్లవు. ఆ గుళిక ఇటివ్వు" అన్నాడు మహారాజు, చేయి చాపి. ఆ చాపిన చేతినే పైకెత్తాడు. మేడగవాక్షాల్లో విలుకాళ్లు లేచారు.

"కిందికి వంగు!" అని ఒక గావుకేక. పాకశాల వైపు నుంచి కాటయ్య పెద్ద పెరుగు గంగాళం బోర్లించుకుని దాని కింద పాకుతూ వస్తున్నాడు. బాణాలు గంగాళం మీద ఖణఖణమన్నాయి. ఒక బాణం తూలిక భుజం చర్మం చీల్చుకుపోయింది. ఆమెకు నొప్పి తెలియలేదు.

"వీడు మీవాడు" అంది భూతాలతో, ఘూకనేత్రుడి వైపు చూడకుండానే. "సింహాసనం మీదివాడు నావాడు. మిగతా ఎవరి జోలికీ పోవద్దు, విల్లు పట్టినవాళ్ల విల్లులు మాత్రం విరిచేయండి."

మాంత్రికుడి అరుపు ఒకే ఒకసారి వినిపించింది, ఆ తర్వాత ఒంటికాలి రోకలి పోటు చప్పుడే. చమురునాకుడు ఒక్క ఊపున గవాక్షాల్లోకి ఎగబాకాడు. విల్లులు ఫెళఫెళా విరిగాయి. జనం ఒకరినొకరు తోసుకుంటూ ద్వారాలు బద్దలుకొట్టుకుని బయటికి పరుగులు తీశారు. ఆ గందరగోళంలో రత్నసింహాసనం కింద పలక ఒకటి నిశ్శబ్దంగా పక్కకు జరిగింది. మహారాజు పుస్తకం చంకన పెట్టుకుని, కిరీటం అక్కడే వదిలేసి, ఆ సొరంగంలోకి దిగిపోయాడు.

కాటయ్య గంగాళం పారేసి తూలిక చేయి పట్టుకున్నాడు. ఆయన మొహమంతా పెరుగు, కళ్ల నిండా నీళ్లు.

"పద తల్లీ, పోదాం పద! దారి తెరిచే ఉంది. మాంత్రికుడు చచ్చాడు, వాడి నోటితోనే చెప్పించావు, నీ ఒట్టు తీరింది. ఆ సొరంగం ఎక్కడికి పోతుందో, లోపలేముందో ఎవడికెరుక? ఇక చాలు!"

తూలిక సింహాసనం దగ్గరికి నడిచింది. సొరంగంలోంచి చల్లటి గాలి కొడుతోంది. ఎక్కడో దిగువన మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు దూరమవుతోంది.

"వాడు ఉత్త చెయ్యి మామా" అంది. "చెయ్యి తెగింది. తల అదుగో, అటు పోతోంది."

చినిగిన జల్లెడను నేల మీది నుంచి తీసి మళ్లీ మొహానికి బిగించుకుని, రాజు దిగిన చీకట్లోకి దూకింది.